పండిత రమాబాయి

రాజపాళయానికి పది పదకొండు కిలోమీటర్ల దూరంలో శ్రీవిల్లిపుత్తూరు ఉంది. ఆండాళ్ ఆలయం వల్ల ఆ ఊరు ప్రసిద్ధికెక్కింది. అక్కడి వైష్ణవులు అనుసరించే తెంగలై సంప్రదాయంలో చిన్నపిల్లలకు సైతం అర్థమయ్యే పోలిక ఒకటి ఉంది. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకొంటుంది. పట్టు జారితే కింద పడుతుంది. పిల్లికూన సంగతి అలా కాదు. అది ఏమీ చేయదు. తల్లే దాన్ని నోట కరచుకొని సురక్షితమైన చోటికి చేరుస్తుంది. మొదటిదాన్ని మర్కటకిశోర న్యాయమనీ, రెండవదాన్ని మార్జాలకిశోర న్యాయమనీ అంటారు. భగవంతుని అనుగ్రహం పొందటానికి మానవుని ప్రయత్నం కొంతైనా ఉండాలని వడగలై ఆచార్యులు చెప్పారు. ఆ అనుగ్రహం ప్రయత్నంతో సంపాదించుకొనేది కాదు, దానంతట అదే వచ్చి రక్షిస్తుందని తెంగలై ఆచార్యులు బోధించారు.

ఇటువంటి ప్రశ్నే క్రైస్తవ మతంలో కూడా తలెత్తింది. మనిషి తాను చేసిన సత్కార్యాల వల్ల తరిస్తాడా? లేక దేవుని కృపను నమ్మటం వల్ల తరిస్తాడా? 16వ శతాబ్దంలో జర్మనీ దేశంలో మార్టిన్ లూథర్ అనే సన్యాసి ఉపవాసాలు, జాగరణలు ఎన్ని చేసినా మనశ్శాంతి పొందలేకపోయాడు. పౌలు భక్తుడు రోమీయులకు రాసిన లేఖను చదివి, మనిషి నీతిమంతుడయ్యేది క్రియల వల్ల కాదనీ, విశ్వాసం వల్లనేననీ నిశ్చయించుకొన్నాడు. 1517లో ఆయన ప్రారంభించిన వాదం క్రైస్తవ లోకాన్ని రెండుగా చీల్చింది. లూథర్ అనుయాయులు 1706లో తరంగంబాడి రేవులో దిగి తమిళదేశంలో తమ బోధ ప్రారంభించారు. లూథర్ రచించిన చిన్న ప్రశ్నోత్తర గ్రంథాన్ని బెంజమిన్ షుల్జ్ తెలుగులోకి అనువదించాడు. 1746లో అది జర్మనీలోని హాలే నగరంలో అచ్చయింది. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలలో అది ఒకటి.

ఈ ప్రశ్నను గ్రంథాలలో చదవటం వేరు. దానికి సమాధానం కోసం ఆకలిదప్పులకోర్చి కాలినడకన దేశమంతా తిరగటం వేరు. అలా తిరిగిన వారిలో అగ్రగణ్యురాలు పండిత రమాబాయి.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పడమటి కనుమలలోని గంగామూల అనే అరణ్య ప్రాంతంలో జన్మించింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. తల్లి లక్ష్మీబాయి. స్త్రీలకు చదువు తగదని ఆనాటి సమాజం నమ్మేది. అనంతశాస్త్రి ఆ మాట లెక్కచేయక తన భార్యకు సంస్కృతం నేర్పాడు. అది శాస్త్రవిరుద్ధమని పండితులు ఆక్షేపించగా, ఉడుపిలో జరిగిన సభలో గ్రంథాలు ఆధారంగా చూపి తన పక్షాన్ని సమర్థించుకొన్నాడు. ఆయన అడవిలో ఇల్లు కట్టుకొని విద్యార్థులకు పాఠాలు చెప్పేవాడు. దారిన వచ్చే యాత్రికులందరికీ భోజనం పెట్టేవాడు. పుణ్యం కోసం చేసిన ఆ అతిథి సత్కారాలతో ఆస్తి అంతా హరించిపోయింది. రమాబాయికి ఆరు నెలల వయస్సు ఉన్నప్పుడే ఆ కుటుంబం ఇల్లు విడిచి తీర్థయాత్రలకు బయలుదేరింది. పసిపాపను వెదురు బుట్టలో పడుకోబెట్టి, మనిషి చేత నెత్తిన మోయించి అడవి దాటించారు.

అది మొదలు ఆ కుటుంబానికి స్థిరనివాసం లేదు. ఏ క్షేత్రానికి వెళితే ఆ క్షేత్రంలో ఆలయ ప్రాంగణంలోనో, చెట్టు నీడనో కూర్చొని పురాణం చదివేవారు. విన్నవారు ఇచ్చిన బియ్యం, పండ్లు, డబ్బు వారికి జీవనాధారం. అందులో మిగిలినది మళ్లీ దానధర్మాలకే ఖర్చయ్యేది. నదీస్నానాలు, వ్రతాలు, ఉపవాసాలు నియమం తప్పకుండా సాగేవి. ఈ సంచారంలోనే లక్ష్మీబాయి తెల్లవారుజామున కూతురిని ఒడిలో కూర్చోబెట్టుకొని సంస్కృతం నేర్పింది. పదిహేనేళ్లు నిండేసరికి రమాబాయికి భాగవతం కంఠస్థమైంది.

తల్లిదండ్రులు వృద్ధులయ్యారు. తండ్రికి చూపు మందగించింది. అదే సమయంలో మద్రాసు రాజధానిలో కరవు వచ్చింది. పురాణం వినేవారు లేరు, ఇచ్చేవారు లేరు. ఇంకా కొంత ధనం చేతిలో ఉండగానే దాన్ని దేవతల ప్రీతి కోసం దానం చేశారు. దానఫలం తప్పక లభిస్తుందని ఎదురుచూశారు. తరువాత నగలు అమ్మారు. పట్టుబట్టలు అమ్మారు. చివరికి వంటపాత్రలు కూడా అమ్మారు. శాస్త్రాలు చదవటం తప్ప వేరొక పని వారికి తెలియదు. కూలి చేయటానికీ, బిచ్చమెత్తటానికీ కులగౌరవం అడ్డువచ్చింది.

అలా తిరిగి తిరిగి వారు తిరుపతి కొండల ప్రాంతానికి చేరుకొన్నారు. చివరి గింజ కూడా అయిపోయిన తరువాత, నలుగురిలో చేయి చాచటం కంటె అడవిలో చనిపోవటం మేలనుకొని దట్టమైన అరణ్యంలోకి వెళ్లారు. పదకొండు రోజులు ఆకులు, నీళ్లు, పిడికెడు అడవి ఈతపండ్లతో గడిపారు. ఇక ఓర్వలేక తండ్రి పుణ్యతీర్థంలో మునిగి ప్రాణత్యాగం చేయటానికి సిద్ధపడ్డాడు. పిల్లలను ఒక్కొక్కరిని దగ్గరకు పిలిచి వీడ్కోలు చెప్పాడు. అందరికంటె చిన్నదైన రమాబాయిని కౌగిలించుకొని, ఎప్పుడూ ధర్మమార్గం తప్పవద్దని, భగవంతుని సేవకే జీవితం అర్పించమని బోధించాడు. అప్పుడు అన్న శ్రీనివాసశాస్త్రి అడ్డుపడి, కులగౌరవం మాట పక్కనపెట్టి ఏ కూలిపని అయినా చేసి అందరినీ పోషిస్తానన్నాడు. అంతా అడవి నుంచి బయటకు వచ్చారు. కాని అప్పటికే ఆలస్యమైంది. 1874లో తండ్రి మరణించాడు. కొద్దివారాలలోనే తల్లి కూడా కన్నుమూసింది. తల్లి పాడె మోయటానికి చాలినంతమంది రాలేదు. ఇద్దరు బ్రాహ్మణులు దయతలచి వచ్చారు. అన్నతోపాటు రమాబాయి కూడా ఒక కొమ్ము పట్టింది. ఆమె పొట్టిది కావటం వల్ల దాన్ని నెత్తిన పెట్టుకొని మోయవలసి వచ్చింది. అటు తరువాత అక్క కలరా సోకి చనిపోయింది.

అన్నాచెల్లెళ్లు ఇద్దరే మిగిలారు. తల్లిదండ్రులు నేర్పిన నియమాలను వారు విడువలేదు. దక్షిణం నుంచి పంజాబు దాకా వేల మైళ్లు నడిచారు. జీలం నది ఒడ్డున చలికి తట్టుకోలేక ఇసుకలో గోతులు తవ్వుకొని, మెడ వరకు ఇసుక కప్పుకొని రాత్రులు గడిపారు. ఎన్ని నదులలో మునిగినా, ఎన్ని ఉపవాసాలు ఉన్నా వారు కోరుకొన్న ఫలం కనిపించలేదు. అమ్మానాన్నల జీవితమంతా ధారపోసిన ఆ పుణ్యం ఏమైందన్న సందేహం రమాబాయి మనస్సులో నాటుకొంది.

1878లో వారు కలకత్తా చేరారు. ఇరవై ఏళ్ల యువతి అనర్గళంగా సంస్కృతంలో ప్రసంగించటం చూసి అక్కడి పండితులు ఆశ్చర్యపోయారు. పరీక్షించి, పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చి గౌరవించారు. స్త్రీలకు వారి ధర్మాలను బోధించమని ఆమెను కోరారు. అందుకోసం ఆమె ధర్మశాస్త్రాలను లోతుగా చదివింది. స్త్రీకి స్వయంగా మోక్షార్హత లేదనీ, పతిసేవ ద్వారానే ఆమె తరించాలనీ, వేదాధ్యయనం ఆమెకు నిషిద్ధమనీ ఆ గ్రంథాలలో ఆమెకు కనిపించింది. పుట్టింది మొదలు తాను చేసిన యాత్రలు, వ్రతాలు తనను గమ్యం చేర్చలేవని ఆమెకు తోచింది. సత్కర్మలతో ఎక్కవలసిన మెట్లు ఎన్నో ఉన్నాయి. స్త్రీకి మాత్రం మొదటి మెట్టు దగ్గరే తలుపు మూసి ఉన్నదని ఆమె బాధపడింది.

1880లో అన్న ఢాకాలో మరణించాడు. అదే సంవత్సరం ఆమె బిపిన్ బిహారీ దాస్ మేధావి అనే బెంగాలీ న్యాయవాదిని కులాంతర వివాహం చేసుకొంది. మరుసటి ఏడాది మనోరమ అనే కూతురు పుట్టింది. 1882 ఫిబ్రవరిలో భర్త కలరాతో చనిపోయాడు. ఇరవై నాలుగేళ్లయినా నిండకుండానే రమాబాయి వితంతువయింది. భర్త గ్రంథాలయంలో దొరికిన బెంగాలీ లూకా సువార్త అంతకుముందే ఆమెను ఆకర్షించింది.

రమాబాయి పుణె నగరానికి వచ్చి ఆర్య మహిళా సమాజాన్ని స్థాపించింది. ఆ సంవత్సరమే ప్రభుత్వం నియమించిన హంటర్ విద్యాసంఘం ముందు సాక్ష్యమిస్తూ, బాలికలకు ఉపాధ్యాయినులు, స్త్రీలకు వైద్యురాండ్రు కావాలని వాదించింది. తాను స్వయంగా వైద్యవిద్య నేర్వాలన్న కోరికతో 1883లో ఇంగ్లండు వెళ్లింది. వినికిడి లోపం వల్ల ఆ కోరిక నెరవేరలేదు. వాంటేజ్ అనే ఊరిలోని క్రైస్తవ సన్యాసినులు ఆమెకు ఆశ్రయమిచ్చారు. లండన్‌లో వారు నడిపే ఒక శరణాలయాన్ని ఆమె చూసింది. దారితప్పారని లోకం వెలివేసిన స్త్రీలను అక్కడ అక్కున చేర్చుకొని, ఆదరించి, కొత్త జీవితం ఇస్తున్నారు. ఇంత దయ ఎక్కడి నుంచి వచ్చిందని ఆమె అడిగింది. బావి దగ్గర సమరయ స్త్రీతో ఏసుక్రీస్తు మాట్లాడిన ఘట్టాన్ని వారు చదివి వినిపించారు. ఆ స్త్రీ ఏ పుణ్యమూ చేసి రాలేదు. ఏ అర్హతా చూపలేదు. ఆమె అడగకముందే క్రీస్తు జీవజలం ఇస్తానన్నాడు. ఈ కథ రమాబాయి హృదయాన్ని కదిలించింది. 1883 సెప్టెంబరు 29న ఆమె క్రైస్తవ మతం స్వీకరించింది.

ఆపైన ఆమె కొంతకాలం చెల్టెన్‌హామ్ మహిళా కళాశాలలో చదువుకొంటూ సంస్కృతం బోధించింది. 1886లో అమెరికా వెళ్లి, భారతదేశంలోని బాలవితంతువుల దుస్థితిని గురించి ఊరూరా ఉపన్యాసాలిచ్చింది. 1887లో ఉన్నత కుల హిందూ స్త్రీని గురించి ఆమె ఆంగ్లంలో రాసిన గ్రంథం వెలువడింది. ఆమె విద్యాలయానికి పదేళ్లపాటు సహాయం చేయటానికి బోస్టన్‌లో ఒక సంఘం ఏర్పడింది. ఆ సహాయంతో 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదనం ప్రారంభమైంది. మరుసటి ఏడాది అది పుణెకు మారింది. తల గొరిగించి, ఒంటిపూట తిండితో మూలన కూర్చోబెట్టిన బాలవితంతువులు అక్కడ చదువు నేర్చుకొన్నారు.

లోకం దృష్టిలో రమాబాయి అప్పటికే ఎంతో సాధించింది. కాని ఆమె మనస్సుకు శాంతి లేదు. బాప్తిస్మం పొందింది, సంఘంలో చేరింది, ప్రార్థనలు తప్పకుండా చేస్తోంది. అయినా ఏదో కొరత. 1891 ప్రాంతంలో హాస్లాం అనే ఆంగ్ల మతగురువు ఆత్మకథ ఆమె చేతికి వచ్చింది. ఆయన ఏళ్ల తరబడి గురువుగా పనిచేసి, బోధలు చేసి, ఆ తరువాత గాని తనకు నిజమైన విశ్వాసం లేదని గ్రహించలేదు. ఆ పుస్తకం చదివి రమాబాయి తన్ను తాను పరీక్షించుకొంది. తాను క్రైస్తవ మతాన్ని పొందింది గాని క్రీస్తును పొందలేదని ఆమెకు స్పష్టమైంది. పూర్వం నదీస్నానాలను నమ్ముకొన్నట్లే, ఇప్పుడు మతవిధులను నమ్ముకొంటోంది. రక్షణ సంపాదించుకొనేది కాదనీ, అది ఉచితంగా లభించే వరమనీ, చేయి చాచి అందుకోవటమే విశ్వాసమనీ అప్పుడు ఆమె గ్రహించింది. ఆ వరానికి పురుషుడు, స్త్రీ అనే భేదం లేదు. పండితుడు, పామరుడు అనే భేదం లేదు. బతికి ఉండగానే, ఉన్న చోటనే అది లభిస్తుంది. ముప్పై ఏళ్లుగా మోసిన బరువు దిగిపోయినట్లు ఆమెకు అనిపించింది.

ఈ సిద్ధాంతాన్ని గురించి చాలామందికి ఒక సందేహం కలుగుతుంది. విశ్వాసం ఒక్కటే చాలునంటే మంచిపనులు ఎందుకు చేయాలి? మనిషి సోమరి కాడా? పౌలు భక్తుడు ఎఫెసీయులకు రాసిన లేఖలో క్రియల వల్ల రక్షణ రాదని చెప్పి, ఆ వెంటనే మనిషి సత్క్రియల కోసమే సృష్టి అయ్యాడని కూడా చెప్పాడు. క్రియలు లేని విశ్వాసం మృతమైనదని యాకోబు తన లేఖలో హెచ్చరించాడు. కాయలు కాసినందువల్ల చెట్టు బతకదు. చెట్టు బతికి ఉన్నందువల్ల కాయలు కాస్తుంది. విశ్వాసానికీ క్రియలకూ ఉన్న సంబంధం అటువంటిదే. రమాబాయి తరువాతి జీవితం దీనికి నిదర్శనం.

1893లో ఆమెకు కష్టకాలం వచ్చింది. శారదా సదనంలో మతబోధ చేయబోనని ఆమె మొదట మాట ఇచ్చింది. ఆమె తన గదిలో ప్రార్థన చేసుకొనేటప్పుడు తలుపు తెరచి ఉంచేది. కొందరు బాలికలు వచ్చి కూర్చొనేవారు. ఇది మాట తప్పటమేనని విమర్శకులు అన్నారు. తన గదిలో తన ప్రార్థన తన హక్కని, ఎవరినీ బలవంతపెట్టలేదని ఆమె అంది. రానడే, భండార్కర్ వంటి పెద్దలు సలహాసంఘం నుంచి వైదొలగారు. ఎందరో తల్లిదండ్రులు పిల్లలను తీసుకువెళ్లారు. రమాబాయి మాత్రం పని ఆపలేదు.

1896 చివర మధ్యపరగణాలలో ఘోరమైన కరవు వచ్చింది. ఆ వార్త వినగానే రమాబాయికి తిరుపతి అడవిలోని పదకొండు రోజులు గుర్తుకు వచ్చాయి. ఆమె స్వయంగా కరవు ప్రాంతాలకు వెళ్లింది. చెట్ల కింద, సత్రాలలో దిక్కులేక పడి ఉన్న ఆడపిల్లలను ఏరి తెచ్చింది. కొద్దినెలలలోనే వారి సంఖ్య మూడు వందలు దాటింది. పుణెలో ప్లేగు ప్రబలటంతో వారిని నగరంలో ఉంచే వీలు లేకపోయింది. పుణెకు దాదాపు 55 కిలోమీటర్ల దూరంలో కేడ్‌గావ్ అనే ఊరి వద్ద నూరెకరాల మెట్టభూమిని ఆమె అంతకుముందే కొని ఉంచింది. ఆ పొలంలో పాకలు, గుడారాలు వేసి పిల్లలను చేర్చింది. దానికి ముక్తి అని పేరు పెట్టింది. బాల్యమంతా తన కుటుంబం దేని కోసం దేశం తిరిగిందో ఆ మాటనే ఆమె అనాథల ఇంటికి పేరుగా ఎంచుకొంది.

1898లో అమెరికా సంఘం ఇచ్చిన పదేళ్ల గడువు ముగిసింది. అటు తరువాత ఆమె ప్రార్థననే ఆధారంగా చేసుకొని సంస్థను నడిపింది. అయితే ప్రార్థించి చేతులు ముడుచుకొని కూర్చోలేదు. బావులు తవ్వించింది. పంటలు పండించింది. పాడి, నేత, కుట్టుపని, నూనె గానుగ, అచ్చుయంత్రం ఏర్పాటు చేసింది. ప్రతి బాలికకూ చదువుతోపాటు ఒక చేతిపని నేర్పించింది. అడవిలో ఆకలితో ఉన్న తన కుటుంబానికి ఏ వృత్తీ తెలియకపోవటం ఎంత ప్రమాదమో ఆమె మరువలేదు. సమాజం వెలివేసిన స్త్రీలకు కృపాసదనం, అంధులకు బ్రెయిలీ నేర్పే విభాగం వెలిశాయి. 1900లో గుజరాతు కరవు బాధితులు కూడా చేరగా, ముక్తి సదనంలో ఆశ్రయం పొందినవారు రెండువేలకు చేరువయ్యారు.

జీవితపు చివరి భాగాన్ని రమాబాయి బైబిలు అనువాదానికి వినియోగించింది. చదువు తక్కువైన పల్లెటూరి స్త్రీకి కూడా అర్థమయ్యే మరాఠీలో ఆ గ్రంథం ఉండాలని ఆమె సంకల్పం. అందుకోసం నడివయస్సులో హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చుకొంది. ముక్తి సదనంలోని స్త్రీలే అక్షరాలు కూర్చి అచ్చువేశారు. ఒకప్పుడు తనకు చదవటానికి హక్కు లేదన్న ధర్మగ్రంథాల మాట విని కుమిలిన స్త్రీ, మరొక ధర్మగ్రంథాన్ని సాటి స్త్రీల చేతికి అందించాలని పద్దెనిమిది సంవత్సరాలు శ్రమించింది. 1919లో ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకమిచ్చి ఆమెను గౌరవించింది. 1921లో కుడిభుజంగా నిలిచిన కూతురు మనోరమ మరణించింది. ఆ దుఃఖంలోనూ ఆమె పని మానలేదు. చివరి అచ్చుచిత్తులు దిద్దటం ముగించి, 1922 ఏప్రిల్ 5న రమాబాయి శాశ్వతంగా కన్నుమూసింది. 1989లో భారత ప్రభుత్వం ఆమె స్మారకంగా తపాలా బిళ్ల విడుదల చేసింది.

రమాబాయి జీవితంలో రెండు దానాలు కనిపిస్తాయి. మొదటిది ఆమె తల్లిదండ్రులు చేసిన దానం. చేతిలోని చివరి ధనాన్ని వారు పుణ్యం ఆశించి ఇచ్చారు. వారి భక్తిలో లోపం లేదు. కాని ఇంట్లో పిల్లలు ఆకలితో ఉన్నారు. రెండవది రమాబాయి కేడ్‌గావ్‌లో చేసినది. తనకు రావలసినది ముందే ఉచితంగా వచ్చిందని నమ్మినందువల్ల, ఆ దానానికి ఆమె ఫలం లెక్కించలేదు. ఆకలిగొన్న పిల్ల ఎదురుగా కనిపిస్తే అన్నం పెట్టింది. ఆమె మత విశ్వాసాన్ని అంగీకరించేవారూ, అంగీకరించనివారూ కూడా ఆమె సేవకు తలవంచుతారు. ఆ సేవ వెనుక ఉన్నది మాత్రం ఆమె విశ్వాసమే.